అమ్మలూ, ముందు నీళ్ల సంగతి చూడు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. పడవలకీ తలుపులకీ పూత, పల్చటి ఫిల్మ్, పీచు మ్యాట్ల వెనక బ్యాకింగ్, మూడూ పాలీయురేథేన్‌తోనే (రెండు ద్రవాలు కలిపితే బిగుసుకునే ప్లాస్టిక్) చేస్తానంటున్నావు. మూడూ ఒకేసారి నెత్తిన పెట్టుకుంటే ఏదీ తెమలదు. ముందు ఫిల్మ్ తియ్యి. అమ్మడానికి కాదు, నువ్వు కలిపిన సరుకు ఎలా ఉందో కంటితో చూసుకోడానికి. బుడగ వచ్చినా, జిగురు వదలకపోయినా, పసుపెక్కినా ఫిల్మ్‌లో దాగదు. అదే మ్యాట్ వెనక పూస్తే ఆ లోపం పీచు మాటున ఉండిపోయి, కొన్నవాళ్లు తిరిగి తెచ్చినప్పుడు గానీ తెలియదు.

నువ్వు ఫార్ములా అడిగావు. ఫార్ములా తర్వాత ఇస్తాను, ముందు నీళ్ల లెక్క చెప్తాను. పాలీయాల్‌లో (ఆముదం లాంటి మొదటి భాగం) ఉండే హైడ్రాక్సిల్‌తో, అంటే ఓహెచ్ గ్రూపుతో, ఐసోసయనేట్ (దాన్ని బిగించే రెండో భాగం) కలిస్తే యురేథేన్ అవుతుందని నీకు తెలుసు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన తోటివాళ్లు మొదలుపెట్టిన కెమిస్ట్రీ ఇదే. కానీ ఐసోసయనేట్‌కి నీరు తగిలినా వదలదు. నీటితో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదిలి ఎమీన్ అవుతుంది, ఆ ఎమీన్ ఇంకో ఐసోసయనేట్‌ని పట్టుకుంటుంది. అంటే ఒక్క నీటి అణువుకి రెండు ఐసోసయనేట్ గ్రూపులు ఖర్చు.

ఆముదంతో మొదలుపెడతానన్నావు కాబట్టి దానితోనే లెక్క వేసి చూపిస్తాను. ఆముదం హైడ్రాక్సిల్ విలువ, అంటే అందులో హైడ్రాక్సిల్ ఎంతుందో చెప్పే అంకె, సుమారు 160. ఆ లెక్కన 100 గ్రాముల ఆముదానికి పాలిమరిక్ ఎండీఐ (మనం వాడే ఐసోసయనేట్) 39 గ్రాముల దాకా పడుతుంది. ఆ ఆముదంలో తేమ 0.2 శాతమే ఉందనుకో. 0.2 గ్రాముల నీరు, చెంచాలో కూడా కనపడదు. అది నీ ఎండీఐలో 3 గ్రాములు తినేస్తుంది, అంటే దాదాపు 8 శాతం. పైగా పావు లీటరుకు పైగా గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాస్ అంతా నీ ఫిల్మ్‌లోంచే బయటికి రావాలి. వానాకాలంలో మన దగ్గర మూత తీసి ఉంచిన డబ్బాకి ఆ మాత్రం తేమ పట్టడం ఎంతసేపు?

అందుకని తేమ కొలవకుండా ఏదీ కలపకు. తేమ కొలిచే కార్ల్ ఫిషర్ మిషన్ ఇప్పుడే కొనక్కర్లేదు, కాకినాడలో ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా అడిగి శాంపిల్ ఇచ్చి చేయించుకో. 0.05 శాతం లోపు ఉంటేనే వాడు. ఎక్కువ వస్తే 100 నుంచి 110 డిగ్రీల దగ్గర వాక్యూమ్ పెట్టి, బుడగలు ఆగేదాకా కలుపుతూ ఉంచు. చల్లారాక నైట్రోజన్ పట్టించి మూత బిగించు. గోడకి ఒక హైగ్రోమీటర్ తగిలించి, ప్రతి బ్యాచ్ పక్కనా ఆ పూట గాలిలో తేమ ఎంతో రాసుకో. ఆగస్టులో పోయిన బ్యాచ్‌కీ జనవరిలో బాగా వచ్చిన బ్యాచ్‌కీ తేడా చాలాసార్లు ఆ ఒక్క గడిలోనే దొరుకుతుంది.

కొబ్బరి నూనె వాడకూడదా అని మీ నాన్న అడిగాడన్నావు. కోనసీమలో పుట్టినవాడు అడగక మానడు. చుట్టూ కొబ్బరి తోటలు పెట్టుకుని గుజరాత్ ఆముదం తెప్పించుకోవడమేంటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ కొబ్బరి నూనెలో ఐసోసయనేట్ పట్టుకోడానికి హైడ్రాక్సిల్ లేదు. సోయా నూనెలో లాగా డబుల్ బాండ్లు ఉంటే వాటిని ఎపాక్సీ చేసి హైడ్రాక్సిల్ తెప్పించుకోవచ్చు. కొబ్బరి నూనెలో అవీ చాలా తక్కువ, సగానికి సగం లారిక్ ఆమ్లమే. ఆముదంలో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. దాని పన్నెండో కార్బన్ మీద హైడ్రాక్సిల్ పుట్టుకతోనే ఉంది. కొబ్బరి వల్ల మనకి ఉపయోగం పీచులోనే, నూనెలో కాదు. ఈ మాట మీ నాన్నకి నువ్వే నెమ్మదిగా చెప్పు, నేను చెప్తే వినడు.

ఇక టైట్రేషన్. ప్రీపాలిమర్ (ఐసోసయనేట్ ఎక్కువ పోసి పాలీయాల్‌తో ముందుగా కలిపి ఉంచే సరుకు) చేసేటప్పుడు గడియారం చూసి ఆపేవాళ్లుంటారు, నువ్వు ఎన్‌సీఓ శాతం, అంటే ఇంకా మిగిలిన ఐసోసయనేట్ గ్రూపుల శాతం, చూసి ఆపు. సుమారు 1 గ్రాము సరుకుని పొడి టోలీన్‌లో కరిగించి, కొలిచిన డైబ్యూటైలమీన్ పోసి, ఓ పావుగంట ఉంచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, బ్రోమోఫినాల్ బ్లూ చుక్కలు వేసి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా పొయ్యి. నీలం పోయి పసుపు తిరిగే చోట ఆపు. సరుకు వెయ్యకుండా ఇదే పని చేస్తే అది బ్లాంక్. బ్లాంక్‌లోంచి నీ రీడింగ్ తీసేసి, దాన్ని ఆమ్లం నార్మాలిటీతోనూ (దాని గాఢత) 4.202తోనూ గుణించి, శాంపిల్ బరువుతో భాగిస్తే శాతం వచ్చేస్తుంది. కాగితం మీద వేసుకున్న లెక్క కంటే ఎక్కువ ఉంటే రియాక్షన్ ఇంకా అవలేదు. తక్కువ ఉంటే ఎక్కడో నీరు దూరింది, లేదా వేడి ఎక్కువై పక్కదారి పట్టింది. బ్లాంక్ ఏ రోజుకి ఆ రోజు చెయ్యాలి, నిన్నటిది పనికిరాదు.

పాలీయాల్ ఎంచుకునేటప్పుడు అమ్మేవాడు పాలియెస్టర్ గట్టిదని చెప్తాడు. అబద్ధం కాదు. కానీ వేడీ తేమా కలిసిన చోట పాలియెస్టర్ ఎస్టర్ బంధాల దగ్గర నీటికి తెగుతుంది. మన వాతావరణానికి పాలీఈథర్ మేలు. దానికి ఎండ పడదు, కాబట్టి ఆరుబయట వాడే సరుకైతే యూవీ స్టెబిలైజర్ వెయ్యాలి. పాలీకార్బొనేట్ రెండిటినీ తట్టుకుంటుంది, ధర నువ్వు తట్టుకోలేవు. ఏది వాడినా ఫిల్మ్ ముక్కల్ని 70 డిగ్రీల దగ్గర నీటి ఆవిరిలో వేలాడదీసి, వారానికొకటి తీసి లాగి చూడు. కేటలాగు చూపించని తేడా అక్కడ కనిపిస్తుంది.

పూత విషయానికొస్తే, ఎండీఐ, టీడీఐ లాంటి ఆరోమాటిక్ (బెంజీన్ వలయం ఉన్న) ఐసోసయనేట్లు ఎండకి పసుపెక్కుతాయి. అంతర్వేది పడవలకి తెల్ల పూత వెయ్యాలంటే హెచ్‌డీఐ, ఐపీడీఐ లాంటి అలిఫాటిక్ (ఆ వలయం లేని) రకమే కావాలి, కింద ఎపాక్సీ ప్రైమర్ ఉండాలి. పూత వేసే చోటు డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బిందువులుగా పట్టే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే డ్యూ పాయింట్ 28 దగ్గర ఉంటుంది. రాత్రి చల్లబడిన పడవ పొద్దున్నే ఆ 31 దాటి ఉండదు. ఎండెక్కాక వెయ్యి, ఒకేసారి మందంగా కాకుండా పల్చగా రెండు సార్లు.

నీటినే పట్టుకుని ఇంత తిట్టాను గానీ, నీటిలోనే ఉండే రకం కూడా ఉంది. ప్రీపాలిమర్‌లో డీఎంపీఏ (ఆమ్ల గ్రూపు ఉన్న పదార్థం) కలిపి, ట్రైఇథైలమీన్‌తో న్యూట్రల్ చేసి, జోరుగా తిప్పుతూ నీరు పోస్తే, మధ్యలో మీగడలా చిక్కబడి, ఆ దశ దాటగానే ఒక్కసారిగా పల్చబడి డిస్పర్షన్ (నీటిలో సన్నని రేణువులుగా చెదిరిన ద్రవం) అవుతుంది. ఐపీడీఐకి నీటితో తొందర తక్కువ కాబట్టి, ఆ వ్యవధిలోనే డైఎమీన్ వేసి గొలుసు పొడిగిస్తారు. చెయ్యడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయినా నువ్వు ఇప్పుడే దాని జోలికి పోకు. తయారు డిస్పర్షన్ కొనుక్కుని దాంతో పూత తయారుచెయ్యడం నేర్చుకో.

బ్యాకింగ్‌కి మాత్రం పసుపెక్కినా బెంగ లేదు, అది నేలకేసి ఉంటుంది. చవకైన ఎండీఐ చాలు. ఏలూరు తివాచీకి ఈ గొడవే లేదు, చేత్తో వేసిన ముడే ఉన్నిని పట్టుకుంటుంది. టఫ్టెడ్ రకానికి (కుచ్చులు సూదితో గుచ్చి చేసేది) ముడి ఉండదు, వెనక పూసిందే దిక్కు. తివాచీలకి మామూలుగా లేటెక్స్, బజారులో చాలా పీచు మ్యాట్లకి పీవీసీ వాడతారు. ధరలో వాటితో నువ్వు పోటీ పడలేవు. మెత్తదనం, అరగకపోవడం చూపించి అమ్మాలి. ఖర్చు తగ్గాలంటే పాలీయాల్ 100 భాగాలకి కాల్షియం కార్బొనేట్ పొడి 100 భాగాలో, ఇంకా ఎక్కువో వెయ్యాలి. పైన చెప్పిన లెక్క మళ్లీ గుర్తు తెచ్చుకో: పొడిలో 0.2 శాతం తేమ ఉన్నా అదే నష్టం. పొడి ఓవెన్‌లో ఆరబెట్టు. పీచు చేతికి పొడిగా తగిలినా దానిలో నూటికి పది దాకా నీరు ఉంటుంది. కాబట్టి వేడిగాలిలోంచి పంపి, ఆ వేడి మీదే పూత పట్టించు. వేడి తగిలాకే పని మొదలుపెట్టే కేటలిస్ట్ అడిగి తీసుకో, లేకపోతే పూత సర్దుకోకముందే బిగుసుకుంటుంది. ఆరాక కుచ్చులు ఒక్కొక్కటీ స్ప్రింగు త్రాసుకి తగిలించి లాగి, ఊడిన బరువు రాసుకో. మ్యాట్‌ని రాత్రంతా నీళ్లలో ఉంచి మళ్లీ లాగు.

ఐసోసయనేట్ అనగానే మీ అమ్మ భోపాల్ అని భయపడింది. 1984లో అక్కడ బయటికొచ్చింది మిథైల్ ఐసోసయనేట్, 39 డిగ్రీలకే మరిగేది. ఎండీఐ ఆవిరి అవడం చాలా తక్కువ. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. వేడి చేసినా, స్ప్రే కొట్టినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకసారి ఆ ఎలర్జీ పట్టుకుందంటే తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం వస్తుంది, ఈ పనే మానుకోవాలి. టీడీఐ అయితే వాసన తెలిసేసరికే హద్దు దాటి ఉంటుంది, అందుకే నీ షెడ్డులోకి దాన్ని రానివ్వకు. బట్ట మాస్కు దేనికీ పనికిరాదు. నీరు పడిందని అనుమానం ఉన్న డ్రమ్ము మూత ఎప్పుడూ బిగించకు, గ్యాస్‌కి పేలుతుంది. ఒలికితే చాకలి సోడా, సబ్బు కలిపిన నీళ్లు పోసి వదిలెయ్యి, మర్నాడు ఎత్తు.

మొదటి ఫిల్మ్ అయ్యాక అరచేయంత ముక్క కవర్లో పెట్టి పంపు. దాని మీద తేదీ, ఆ పూట గాలిలో తేమ, ఆముదంలో తేమ, ఆఖరి ఎన్‌సీఓ శాతం రాయి. బుడగలున్నా సరే, ఉన్నదే పంపు, బాగున్న మూల కత్తిరించి పంపొద్దు. ఆ నాలుగూ చూశాకే ఫార్ములా మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ