ముందు నెల అడుగు, తర్వాత మనిషిని

చి. వెన్నెలకు,

అత్తయ్య ఆశీస్సులు. నీ మెయిల్, దానితో పంపిన సినాప్సిస్ రెండూ చదివాను. జపనీస్ సాహిత్యంలో ప్రకృతి మనిషి మనసును ఎలా చూపిస్తుందన్నది మీ గైడ్ ఒప్పుకున్న టాపిక్ కాబట్టి, ఇక "మార్చుకోనా అత్తయ్యా" అని అడగకు. టాపిక్ మంచిదే. నాకు నచ్చనిది నాలుగో పేజీలో నువ్వు వేసిన పట్టిక. చెర్రీ పూలంటే క్షణికత, మంచంటే మరణం, చంద్రుడంటే ఒంటరితనం, వానంటే విరహం. ఇలాంటివి ఇంటర్నెట్‌లో కుప్పలుగా దొరుకుతాయి. ఆ పట్టిక చేత్తో పట్టుకుని వెయ్యేళ్ల సాహిత్యం చదివితే అన్ని పద్యాలూ ఒకేలా కనిపిస్తాయి, సెమిస్టర్ తిరక్కుండానే నీకు విసుగు పుడుతుంది. ఈ మనిషి నోరు విప్పి అనలేనిది ఏమిటి, దాన్ని పువ్వు మీద పెట్టి ఎవరికి చెబుతున్నాడు అని అడుగుతూ చదువు. క్లాసులో పిల్లలకు నేను చెబుతూ వచ్చింది ఇంతే.

పద్యం ఎదురవగానే ముందు అది ఏ నెలదో చూడు. 905లో చక్రవర్తి ఆజ్ఞ మీద కూర్చిన పద్య సంకలనం కొకిన్‌షూ తీసుకో. ఇరవై సంపుటాలు, సుమారు 1100 పద్యాలు. మొదటి ఆరు సంపుటాలూ ఋతువులే: వసంతానికి రెండు, వేసవికి ఒకటి, శరత్తుకు రెండు, శీతకాలానికి ఒకటి. ఆ పద్యాలను కవుల వారీగా పేర్చలేదు. కాలం కదిలే వరుసలో పెట్టారు. కొండల మీద మంచు కరగకముందే పొగమంచు కమ్ముతుంది, పూలు పూస్తాయి, విరగబూస్తాయి, రాలతాయి. తర్వాత ప్రేమ పద్యాలు ఐదు సంపుటాలు. వాటి వరుస చూస్తే ఆశ్చర్యపోతావు. ఇంకా చూడని మనిషి గురించి విని మనసు పడడంతో మొదలై, కలుసుకోవడం దాటి, మరిచిపోబడడం దాకా అవీ ఒక ఋతువులాగే నడుస్తాయి. ప్రేమకు కూడా రాలే కాలం ఉంటుందని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, పుస్తకం కూర్పులోనే పెట్టేశారు. నీ మొదటి చాప్టర్ దీని మీదే రాయొచ్చు. అక్కడ శరత్తు మొదటి పద్యం చూడు: శరత్తు వచ్చిందని కళ్లకు స్పష్టంగా కనబడడం లేదు, గాలి చప్పుడుకు ఉలిక్కిపడి తెలుసుకున్నాను అంటాడు తొషియుకి అనే కవి. పాత పంచాంగం ప్రకారం శరత్తు మొదలయ్యేది మన ఆగస్టు మొదట్లో, ఎండలు మండుతున్నప్పుడే. ఆ ఉలికిపాటు ఎందుకో అది తెలిస్తేనే అర్థమవుతుంది.

హైకూకి వచ్చేసరికి ఋతువు మాటల నిఘంటువులే ఉన్నాయి, సైజికి అంటారు. ఒకటి కొనుక్కో, లైబ్రరీ మీద ఆధారపడకు. చంద్రుడు అని ఊరికే అంటే శరత్కాలపు చంద్రుడే. కప్ప వసంతానిది. పుచ్చకాయ శరత్తుది, నమ్ముతావా! పంచాంగం చూసి పెరిగిన ఇంట్లో పుట్టావు కాబట్టి నీకు ఇందులో ఒక సుఖముంది. సైగ్యో అనే సన్యాసి కవి, వసంతంలో పూల కింద పోవాలి, అది కిసరగి నెల పౌర్ణమి వేళ కావాలి అని రాసుకున్నాడు. ఆ నెల సుమారుగా మన ఫాల్గుణం. బుద్ధుడు నిర్వాణం పొందిన రోజుగా జపనీయులు పాటించేది ఆ పౌర్ణమినే. 1190లో సరిగ్గా ఆ నెల 16న సైగ్యో పోయాడు. పూలంటే క్షణికత అని పట్టికలో రాసుకుని ఊరుకుంటే, ఒక మనిషి తన చావుకు ముహూర్తం పెట్టుకున్న సంగతి నీకు అందదు.

నెల తర్వాత, పక్కన ఎవరున్నారో చూడు. హెయాన్ కాలంలో, అంటే తొమ్మిది నుంచి పన్నెండో శతాబ్దం దాకా, పద్యమంటే చాలాసార్లు ఉత్తరమే. కాగితం రంగు చూసి ఎంచుకుని, మడిచి, ఆ ఋతువులో పూసే కొమ్మకు కట్టి పంపేవాళ్లు. కొమ్మ తప్పితే మనిషి పరువే పోయేది. కాబట్టి ప్రకృతి అక్కడ వెనకాల వేలాడే తెర అనుకోకు, అది ఇద్దరి మధ్య నడిచే మాట. ఆ కాలపు పెద్ద నవల గెంజి గాథలో 40వ అధ్యాయం, నాయకుడు గెంజి భార్య మురసాకి చనిపోయే అధ్యాయం, నెమ్మదిగా చదువు. శరత్కాలపు సాయంత్రం, గాలి వీస్తోంది. చాలాకాలంగా జబ్బుగా ఉన్న మురసాకి తోట చూద్దామని లేచి, మోచేతిపీటకు ఆనుకుని కూర్చుంది. పక్కన ఆమె పెంచిన కూతురు, ఇప్పుడు మహారాణి. అంతలో గెంజి వచ్చి, ఇవాళ లేచి కూర్చున్నావే అని సంబరపడిపోయాడు. ఇంత చిన్నదానికే ఇంత సంతోషపడుతున్నాడు, నేను పోతే ఏమైపోతాడో అని ఆమెకు దిగులు. ఆ మాట అనదు. తోటలో హగి పొద ఉంది, సన్నని కొమ్మలకు ఊదారంగు చిన్న పూలు పూస్తుంది, గాలికి ఊరికే ఊగిపోతుంది. నిలిచిందనుకున్నంతసేపే, ఇదిగో గాలికి చెదిరిపోయే హగి ఆకు మీది మంచుబొట్టు అని ఒక పద్యం చెప్పింది. గెంజి ఆ మంచుబొట్టునే అందుకుని జవాబిచ్చాడు, ఒకరు ముందూ ఒకరు వెనకా కాకుండా పోతే బాగుండును అని. మహారాణి కూడా అందుకుంది, ఇది గడ్డిమీది మంచు సంగతి మాత్రమే అని ఎవరనుకుంటారు అని. ముగ్గురికీ విషయం తెలుసు. ముగ్గురూ మంచుబొట్టు గురించే మాట్లాడారు. కాసేపటికి నాకు బాగాలేదు, ఇక వెళ్లండి అని ఆమె తెర లాక్కుంది. తెల్లవారేసరికి పోయింది. ఆ పోవడాన్ని రచయిత్రి కూడా కరిగే మంచుబొట్టులానే చెబుతుంది, అంటే అప్పటిదాకా ముగ్గురూ మర్యాద కోసం వాడుకున్న ఉపమానం నిజమైపోయింది.

దీని పక్కనే 41వ అధ్యాయం చదవాలి. అందులో కథ దాదాపు ఏమీ జరగదు. భార్య పోయిన మనిషి ముందు ఒక ఏడాది గడుస్తుంది, అంతే. ఆమె నాటించిన చెట్లు పూస్తాయి, వానలు పడతాయి, మిణుగురులు వస్తాయి, మంచు పడుతుంది. పూలు వేళకు పూయడమే అక్కడ భరించలేనిది. ఇంత పెద్ద నవలలో దుఃఖాన్ని ఇంత సాదాగా చూపిన చోటు నాకు ఇంకొకటి తోచదు.

ఇక్కడే నీకు అన్నిటికంటే పనికొచ్చే మాట చెబుతాను. ప్రకృతీ మనసూ ఒకదానికొకటి సరిపోయిన చోట కంటే, సరిపోని చోట ఎక్కువ సేపు ఆగు. పద్యాల చుట్టూ అల్లిన చిన్న కథల పుస్తకం ఇసె మోనోగతారి నాలుగో కథలో ఒకాయన ప్రేమించిన స్త్రీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. మరుసటి ఏడు అదే మొదటి నెలలో, ప్లమ్ పూలు విరగబూసిన వేళ, అతను ఆ ఖాళీ ఇంటికి వస్తాడు. నిలబడి చూస్తాడు, కూర్చుని చూస్తాడు, ఎలా చూసినా నిరుడులా లేదు. చెక్కనేల మీద వెల్లకిలా పడుకుని చంద్రుడు వాలేదాకా ఉండిపోయి పద్యం చెబుతాడు: "చంద్రుడు ఆ చంద్రుడు కాడా? వసంతం ఆనాటి వసంతం కాదా? నేనొక్కణ్ణే మునుపటి నేనుగా ఉండి..." అరివర నో నరిహిర అనే కవి పద్యమిది. అన్నీ మారిపోయి తాను ఒక్కడే మారలేదంటున్నాడా, లేక ఏదీ మారలేదు, మరి నాకెందుకిలా ఉంది అంటున్నాడా? పండితులు తరతరాలుగా కొట్టుకుంటున్నారు. నువ్వు తీర్పు చెప్పనక్కర్లేదు. రెండు విధాలా చదివినా చంద్రుడు అతనికి తోడు రాలేదు, అది చూడు చాలు.

హైకూ కవి ఇస్సా సంగతీ అంతే. 1819లో అతని కూతురు సతొ మశూచితో పోయింది, రెండేళ్లు కూడా నిండని పిల్ల. ఈ లోకం మంచుబొట్టు అన్నది బౌద్ధులు పుట్టినప్పటినుంచీ వినే మాట, మన ఇళ్లలో నీటిబుడగ అన్నట్టు. ఇస్సా దాన్ని తిరగ్గొట్టలేదు. "మంచుబొట్టు లోకమిది, మంచుబొట్టు లోకమే, అయినా... అయినా..." అన్నాడు. ఉపమానం నిజమే, కానీ దానితో కడుపుకోత తీరలేదు. మంచుబొట్టు అంటే క్షణికత అని రాసి కింద గీత గీసేవాళ్లకు ఆ రెండు "అయినా"లూ కనబడవు.

ఇంకో హైకూ కవి షికిది నాకు మరీ ఇష్టం. వెన్నెముకకు క్షయ వచ్చి తోక్యోలో మంచం పట్టి ఉన్నాడు, తల్లీ చెల్లెలూ చాకిరీ చేస్తున్నారు. 1896లో మంచు పడుతున్న రోజు రాశాడు: మంచు ఎంత లోతు పడిందని మళ్లీ మళ్లీ అడిగాను, అని. అంతే పద్యం! మంచు తెల్లగా ఉందా, అందంగా ఉందా, ఏమీ లేదు. ఎందుకంటే అతను చూడలేదు. కాగితపు తలుపుల అవతల పడుతోంది. అడిగిందే అడుగుతుంటే ఆడవాళ్లు ఓపిగ్గా జవాబు చెబుతున్నారు. బాధ అన్న మాట లేదు, రోగం అన్న మాట లేదు. తర్వాత కొన్నేళ్లకు ఆ గదికి అద్దాల తలుపులు పెట్టించారు, బయట తోట కనిపించింది. 1902లో, 35 నిండకుండానే పోయాడు.

ఇంకో జాగ్రత్త. ఏ ప్రతీకకూ పుట్టుకతో ఒక అర్థం అంటుకుని రాదు. కొకిన్‌షూ కంటే పాత సంకలనం మన్యోషూలో, అంటే ఎనిమిదో శతాబ్దంలో, చెర్రీ కంటే ప్లమ్ పూల పద్యాలే ఎక్కువ. వాటిని మించి ఉన్నది మన హగి. ప్లమ్ చైనా నుంచి వచ్చిన గొప్పింటి మోజు. 730లో దజైఫులో ఒతొమొ నో తబితొ అనే కవి ఇంట్లో జరిగిన ప్లమ్ పూల విందు పద్యాల పీఠిక నుంచే 2019లో జపాన్ కొత్త చక్రవర్తి శకానికి రెయివా అన్న పేరు తీశారు. చెర్రీ పైకి వచ్చింది ఆ తర్వాతే. ఇక 1944 చూడు. గెంజి గాథను "మోనో నో అవరె" (దేన్నైనా చూసి మనసు కదలడం) వెలుగులో చదవమన్న పండితుడు మోతోఓరి నొరినగ, జపాన్ మనసు ఏదంటే ఉదయపు ఎండలో మెరిసే కొండచెర్రీ పువ్వు అని ఒక పద్యం రాశాడు, పద్ధెనిమిదో శతాబ్దంలో. ఆ పద్యంలోని మాటలు ఏరి మొదటి ఆత్మాహుతి విమాన దళాలకు షికిషిమ, యమతొ, అసహి, యమజకుర అని పేర్లు పెట్టారు. ఆ పద్యం మళ్లీ చదువు. అందులో పువ్వు రాలదు. మెరుస్తుంది, అంతే. రాలడం అందులోకి చేర్చింది సైన్యం. నీ థీసిస్‌లో ఈ పేరా లేకపోతే నేను ఊరుకోను. ప్రకృతి ప్రేమ జపనీయుల రక్తంలోనే ఉంది అని రాసే పుస్తకాలను అనుమానంతో చదవాలనడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు. అలాగే "మోనో నో అవరె" అన్న మాటను మొదటి పేజీలోనే వాడెయ్యకు. అది నొరినగ తన వాదం కోసం పదునుపెట్టిన కత్తి. అతని దగ్గరికి వచ్చినప్పుడే తియ్యి.

నవలల్లో ఒక్క కవబాత చాలు, ఎక్కువ నెత్తికెత్తుకోకు. మంచు దేశం నవలలో పొడవాటి సొరంగం దాటి మంచులోకి వచ్చే రైలును అందరూ చెబుతారు. నువ్వు ఆ తర్వాత వచ్చే కిటికీ దగ్గర ఆగు. బయట చీకటి పడుతోంది, లోపల దీపం వెలుగుతోంది, కిటికీ అద్దమైపోయింది. ఎదుటి అమ్మాయి ముఖం అందులో తేలుతుంటే, దూరాన కొండమీది దీపం ఆమె కంటిలోంచి సాగిపోతుంది. చాలా అందమైన దృశ్యం, మోసపోతాం. రైల్లో ఉన్న కథానాయకుడు షిమమురా ఆ అమ్మాయిని చూడడం లేదు, అద్దంలో నీడను చూస్తున్నాడు. ఇతనే పాశ్చాత్య బాలే నాట్యం ఎన్నడూ చూడకుండా దాని మీద వ్యాసాలు రాసే పెద్దమనిషి. కొండా మంచూ దీపం అతని మనసును చూపిస్తున్నాయి, నిజమే. దేన్నీ దగ్గరికి రానివ్వని మనసది. ప్రకృతి వర్ణన అందంగా ఉన్నంత మాత్రాన చూస్తున్నవాడు మంచివాడని కాదు.

మీ గైడ్ మన సాహిత్యంతో పోలిక పెట్టమన్నారన్నావు. పెట్టు, కానీ ఒక్క సెక్షన్‌లో ముగించు. ప్రబంధాల్లో ఋతువర్ణన అంటే కథ కాసేపు ఆగి, కవి తన బలమంతా చూపే చోటు. ఆముక్తమాల్యదలో వానాకాలం చూడు, వంటింట్లో తడికట్టెల పొగ దాకా వదల్లేదు రాయలు. ముప్ఫై ఒక్క అక్షరాల జపనీస్ పద్యం తంకాతో దాన్ని తూచడం ఇద్దరికీ అన్యాయమే. నిజంగా దగ్గరగా వచ్చేది తమిళ సంగం కవిత్వం. అక్కడ కొండకు ఒక ప్రేమదశ, తీరానికి ఒకటి అని కట్టుబాటే ఉంది. తమిళం వచ్చిన స్నేహితురాలెవరైనా ఉంటే కూర్చోబెట్టి అడుగు.

పని ఎలా మొదలుపెట్టాలంటే, పద్యాలు బాగా తగ్గించుకో. సినాప్సిస్‌లో ఉన్నవాటిలో సగం తీసేసినా నష్టం లేదు. ప్రతిదానికీ జపనీస్ మూలం పక్కన పెట్టుకుని, ఒకటి కంటే ఎక్కువ అనువాదాలు చూడు. అనువాదకులు నెలను వదిలేస్తారు, లేదా లేని "నేను"ను తెచ్చి పెడతారు. ఆ తేడాలు మార్జిన్‌లో రాసుకో. గద్యంలో వచ్చే పద్యాన్ని విడిగా పెరికి తీసుకురాకు, ముందూ వెనకా వాక్యాలతో సహా తే.

మొదటి చాప్టర్ డ్రాఫ్ట్ పంపేటప్పుడు కొకిన్‌షూ పద్యాలకు నంబర్లు వెయ్యి, వెతుక్కోలేక నా కళ్లు పోతున్నాయి. ఫాంట్ కాస్త పెద్దది పెట్టు. సైజికి కొనడానికి డబ్బులు కావాలంటే మీ నాన్నను అడగకు, నాకు ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
నీ మేనత్త