కలర్ పెన్సిళ్లకు ఏ పేపరు కొనాలి? ముందు గరుకు చూడండి, మందం తర్వాత

దేవరకొండ నుంచి ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మాయి తొమ్మిదో తరగతి. కలర్ పెన్సిళ్లతో పండ్లు, పిట్టలు వేస్తుందట. ఇప్పటిదాకా ప్రింటర్ పేపరు మీద, స్కూలు ప్రాజెక్టుల్లో మిగిలిన చార్ట్ ముక్కల మీద వేసింది. రెండు మూడు సార్లు రుద్దేసరికి పెన్సిల్ జారిపోతోంది, ముదురు రంగు రావట్లేదు, గట్టిగా నొక్కితే వెనకవైపు అచ్చు పడుతోంది. "ఖరీదైన ఫారిన్ పెన్సిళ్లు కొనాలా, లేక పేపరు మార్చాలా? ఇక్కడ దొరికేవాటిలో ఏది మంచిది?" అని అడిగారు.

అన్నా, పెన్సిళ్లు అలాగే ఉండనివ్వండి. పేపరు మార్చండి. మహబూబ్‌నగర్‌లో ఏళ్లుగా పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతున్నాను. వేసవి సెలవుల్లో క్లాసుకు వచ్చే పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది పెన్సిళ్ల పెట్టె మీద వేలు ఖర్చు పెట్టడానికైనా సిద్ధపడతారు, పేపరు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి ఇవ్వండి" అంటారు. మంచి పేపరు మీద మామూలు డామ్స్, క్యామ్లిన్ పెన్సిళ్లతో వేసిన బొమ్మ కళకళలాడుతుంది. నున్నటి పేపరు మీద ఎంత గొప్ప పెన్సిల్ పెట్టినా మీ అమ్మాయికి ఇప్పుడు వస్తున్న ఇబ్బందే వస్తుంది.

కారణం ఇదీ. కలర్ పెన్సిల్ ములికిలో రంగు పొడి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచడానికి మైనమో నూనో కలుపుతారు. పేపరు మనకు చదునుగా కనిపించినా పైన సన్నటి ఎత్తుపల్లాలుంటాయి. ఆ ఎత్తులు ములికిని గీకి రంగును లాక్కుంటాయి. ఒక్కో పొర వేసినకొద్దీ పల్లాలు కొంచెం కొంచెంగా నిండుతాయి. పూర్తిగా నిండాక మైనం మీద మైనం రుద్దినట్టే, ఇక రంగు ఎక్కదు, జారుతుంది. ప్రింటర్ పేపరును యంత్రంలో సాఫీగా కాగితం పోయేలా నున్నగా నొక్కి తయారుచేస్తారు కాబట్టి దాంట్లో పల్లాలు చాలా తక్కువ. మెరుపు చార్టులో అవీ ఉండవు. కలర్ పెన్సిల్ పనంతా పొరల మీదే నడుస్తుంది. అందుకే ఎన్ని పొరలు పట్టగలదన్నదే పేపరుకు అసలు పరీక్ష.

మన పాలమూరు సీతాఫలాన్నే తీసుకుంటే సంగతి బాగా అర్థమవుతుంది. క్లాసులో నేను తరచుగా వేయించేది దాన్నే, ఎందుకంటే ఒక్క పండులోనే అన్ని పాఠాలూ ఉన్నాయి. ముందు పండంతా లేత పసుపు, చేయి బరువు అస్సలు వేయకుండా. దాని మీద లేత ఆకుపచ్చ. కన్నుల మధ్య గీతల్లో కాయ పండుతున్నప్పుడు కనిపించే మీగడ రంగును అలాగే వదిలేయాలి. కన్ను ఉబ్బిన చోట బూడిద కలిసిన ఆకుపచ్చ, దాని కింది అంచున ముదురు ఆకుపచ్చ, నీడవైపు కొంచెం గోధుమ రంగు. చివరికి గీతల లోతు తెలియడానికి ముదురు ఊదా వేయాలి, నలుపు మాత్రం పెట్టొద్దు. అంటే నీడపడ్డ చోట ఆరేడు పొరలు. ప్రింటర్ పేపరు మీద బూడిద ఆకుపచ్చ దగ్గరే పెన్సిల్ జారడం మొదలవుతుంది, ఊదా వేద్దామంటే కింది రంగు పైకి లేచి చెత్తచెత్తగా అవుతుంది. అదే పండును మధ్యరకం గరుకున్న డ్రాయింగ్ షీటు మీద వేస్తే ఊదా తర్వాత కూడా ఇంకో పొరకు చోటుంటుంది. అప్పుడే ఆ కన్నులు నిజంగా ఉబ్బినట్టు కనిపిస్తాయి. మీ అమ్మాయికి "ముదురు రంగు రావట్లేదు" అన్న బాధ ఇక్కడే తీరుతుంది.

అలాగని మరీ గరుకు పేపరు కూడా పనికిరాదు. వాటర్ కలర్‌కు వాడే కోల్డ్ ప్రెస్, రఫ్ రకాల మీద పల్లాలు లోతుగా ఉంటాయి. పెన్సిల్ మొన వాటి అడుగుదాకా పోదు, బొమ్మంతా తెల్ల చుక్కలు మిగులుతాయి. కొండలు, రాళ్లు, పాత గోడలు వేసేటప్పుడు ఆ చుక్కలు అందంగానే ఉంటాయి కానీ పిట్ట కన్ను, ముక్కు లాంటి సన్నటి పనికి విసుగు తెప్పిస్తాయి.

ఇప్పుడు మందం గురించి. షాపులో అందరూ మొదట అడిగేది జీఎస్‌ఎం ఎంత అని. ఒక చదరపు మీటరు పేపరు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె చెబుతుంది, అంతే. గరుకు గురించి అది ఏమీ చెప్పదు. 300 జీఎస్‌ఎం ఉండి అద్దంలా నున్నగా ఉండే పేపర్లున్నాయి, 130 ఉండి రంగును చక్కగా పట్టేవీ ఉన్నాయి. కాకపోతే పలచటి పేపరు నొక్కుడుకు ఆగదు, రబ్బరు రెండుసార్లు పెడితే పైపొర లేస్తుంది. ప్రింటర్ పేపరు 70 నుంచి 80 మధ్య ఉంటుంది. కలర్ పెన్సిళ్లకు 150 దగ్గర్నుంచి చూసుకోండి, 200 దాటితే ఇంకా నిశ్చింత. విడి షీట్ల మీద ఏ అంకె లేకపోతే తెలుసుకునే మార్గం ఒకటుంది. 16 ఏ4 షీట్లు కలిస్తే సరిగ్గా ఒక చదరపు మీటరు. 16 షీట్లను వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి. 160 గ్రాములు తూగితే అది 160 జీఎస్‌ఎం.

మన దగ్గర దొరికేవాటి సంగతికొస్తే, నల్గొండలో అయినా మహబూబ్‌నగర్‌లో అయినా పెద్ద స్టేషనరీ షాపుల్లో కార్ట్రిడ్జ్ షీటు లేదా డ్రాయింగ్ షీటు అని అడిగితే ఇస్తారు. నేర్చుకునే పిల్లలకు నా ఓటు దీనికే. గరుకు మధ్యస్థంగా ఉంటుంది, ధర తక్కువ, పాడైతే ఇంకో షీటు తీసుకోవచ్చు. ధైర్యంగా గీయాలంటే పేపరు పాడవుతుందన్న టెన్షన్ ఉండకూడదు కదా. ఐవరీ షీటు కూడా అన్ని చోట్లా ఉంటుంది. మందంగా, తెల్లగా చూడ్డానికి బాగుంటుంది. పెన్ను పనికి, లెటరింగ్‌కు సరే కానీ కలర్ పెన్సిల్‌కు చాలా నున్నన. మీరు అటు పోకండి.

బ్రిస్టల్ అని ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మన బ్రస్ట్రో కంపెనీది కూడా ఉంది. ఇందులో రెండు రకాలు. స్మూత్ అన్నది నున్నన, వెల్లమ్ అన్నది కొంచెం గరుకు. కలర్ పెన్సిల్‌కు వెల్లమ్ తీసుకోండి. ముఖాలు, పిట్టల ఈకలు వేసే స్థాయికి వచ్చాక వాటర్ కలర్ పేపర్లలోనే హాట్ ప్రెస్ రకం చాలా బాగుంటుంది. వేడి రోలర్ల కింద నొక్కడంతో నునుపు వస్తుంది, అయినా పొరలు పట్టడానికి సరిపడా పట్టు మిగిలే ఉంటుంది. ఫ్రాన్సులో తయారయ్యే ఆర్చెస్ హాట్ ప్రెస్ నూటికి నూరు శాతం కాటన్. నా దృష్టిలో దాని మీద రంగు నిలిచినట్టు ఇంకే పేపరు మీదా నిలవదు. కానీ తొమ్మిదో తరగతి పిల్లకు రోజూ వాడుకోవడానికి అది వద్దు, ధర బాగా ఎక్కువ. పోటీకో, ఎవరికైనా కానుకగా ఇవ్వడానికో ఒక షీటు తెచ్చిపెట్టండి చాలు.

చేతితో చేసిన పేపరు చూడగానే మనసు పడతాం. అంచులు గరుకుగా, మధ్యలో నారలు కనబడుతూ ఎంతో బాగుంటుంది. తీసుకునే ముందు మొన చెక్కిన పెన్సిల్‌తో మూలన గీసి చూడండి. పైన గంజి పూత సరిగ్గా లేని పేపరైతే మొనకు నారలు తగులుకుని నూగు లేస్తుంది.

మీరు అడగలేదు కానీ రంగు పేపర్ల గురించి కూడా చెప్పాలి. కాన్సన్ మి టాంట్ అని 160 జీఎస్‌ఎం పేపరు చాలా రంగుల్లో వస్తుంది. దానికి ఒకవైపు తేనెపట్టు గళ్ల లాంటి ముద్ర ఉంటుంది, రెండోవైపు సన్నటి గరుకు. కలర్ పెన్సిల్‌కు ఆ రెండోవైపే వాడాలి. నల్గొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం స్తంభాలు మీరు చూసే ఉంటారు. ఆ నల్లరాతిని తెల్ల పేపరు మీద వేయాలంటే ముందు రాయంతా బూడిద రంగుతో నింపడానికే గంటలు పోతాయి, పేపరు గరుకంతా దానికే అయిపోతుంది. బూడిద రంగు పేపరు తీసుకుంటే రాతి రంగు అప్పటికే అక్కడుంది. చెక్కడం లోతుల్లో ముదురు నీలం, గోధుమ కలిపి పెట్టి, వెలుతురు తగిలే అంచుల మీద తెల్ల పెన్సిల్ నడిపితే స్తంభం లేచి నిలబడుతుంది. తెల్ల పెన్సిల్ ఎందుకిచ్చారని పిల్లలు ఎప్పుడూ అడుగుతుంటారు. దాని పనితనం తెలిసేది ఇలాంటి పేపరు మీదే.

షాపులో ఎలా చూడాలంటే, షీటును కంటి ఎత్తుకు లేపి వెలుతురుకు ఏటవాలుగా పట్టండి. పైన సన్నటి నీడలు కనిపిస్తే గరుకుంది, ట్యూబులైటు మెరుపు అలాగే తిరిగి కొడితే లేదు. రెండు వైపులా చూడండి, చాలా పేపర్లకు ఒకవైపు ఎక్కువ గరుకు, ఇంకోవైపు తక్కువ ఉంటుంది. రకానికి ఒక్కో విడి షీటు మాత్రమే తెచ్చుకోండి. షాపువాళ్లు చుట్టి రబ్బరు బ్యాండు వేసిస్తారు, వద్దనండి. పాత క్యాలెండరు అట్టలు రెండు తీసుకెళ్లి మధ్యలో పెట్టి తెచ్చుకుంటే బస్సులో నలగదు.

ఇంటికొచ్చాక ఒక్కో షీటు నుంచి అరచేయంత ముక్క కత్తిరించి, వెనక రకం పేరు, ఏ వైపో రాసి మీ అమ్మాయికివ్వండి. ఒకే ఆకుపచ్చ పెన్సిల్‌తో తేలికపాటి పొరలు వేస్తూ పోవాలి, ఒక్కో పొర దిశ మారుస్తూ. ఏ ముక్క మీద ఎన్నో పొరకు జారిందో అక్కడే రాయాలి. పక్కన ఒకచోట గట్టిగా నొక్కి మెరిసేదాకా రుద్దాలి, ఒకచోట రబ్బరు పెట్టాలి. ఆమె చేతి బరువు, ఆమె పెన్సిళ్లు నావి కావు. అందుకే ఆ ముక్కలు చెప్పేది నా మాటకంటే నమ్మకమైనది. స్కూలు పెన్సిళ్లు సాధారణంగా కొంచెం గట్టిగా ఉంటాయి, వాటికి మధ్యరకం గరుకు బాగా కుదురుతుంది. ముందుముందు మెత్తటి మైనం పెన్సిళ్లు కొంటే పల్లాలు ఇంకా త్వరగా నిండుతాయి, అప్పుడు చేయి మరింత తేలిక చేసుకోవాలి. నీళ్లతో కరిగే వాటర్ కలర్ పెన్సిళ్లైతే మాత్రం 300 జీఎస్‌ఎం వాటర్ కలర్ పేపరే కావాలి, మిగతావన్నీ తడికి ముడుచుకుపోతాయి.

వెనకవైపు అచ్చు పడటానికి సగం కారణం కింద ఉన్న బల్ల. గట్టి చెక్క మీద ఒక్క షీటు పెట్టి గీస్తే చెక్క గీతలు కూడా బొమ్మలోకి ఎక్కుతాయి. కింద నాలుగైదు మామూలు కాగితాలు వేస్తే మెత్తగా ఉంటుంది.

మన ఎండల సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండలో మధ్యాహ్నం పూట ములికిలోని మైనం మెత్తబడి రంగు దట్టంగా దిగుతుంది, పేపరు త్వరగా నిండిపోతుంది. అరచేతి చెమట సరేసరి. పొద్దున్నే కూర్చోమనండి, చేయి కింద ఒక శుభ్రమైన కాగితం పెట్టుకోమనండి. వానాకాలంలో పేపరు గాలిలోని తేమ పీల్చి మెత్తబడుతుంది, అప్పుడు గట్టిగా రుద్దితే పైపొర లేస్తుంది. షీట్లను గోడకు ఆనించి నిలబెట్టకుండా, ప్లాస్టిక్ కవర్లో చుట్టి మంచం కిందో బీరువాలోనో పడుకోబెట్టి ఉంచండి.

దాచుకోదగ్గ బొమ్మలకు యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేనిది) అని రాసి ఉన్న పేపరే కొనండి. మామూలు చౌక కాగితంలో కలప నుంచి వచ్చే లిగ్నిన్ ఉంటుంది, వెలుతురుకు అది పచ్చబడుతుంది, పాత న్యూస్ పేపర్లలో చూస్తూనే ఉంటాం. పూర్తయిన బొమ్మల మధ్య బటర్ పేపరు పెట్టండి, లేకపోతే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుతుంది. ఫ్రేము కట్టిస్తే అద్దం నేరుగా రంగుకు తగలకుండా చుట్టూ అట్ట మౌంటు వేయమని చెప్పండి, ఎండ పడే గోడకు మాత్రం తగిలించొద్దు.