తొలి సైకిల్: పక్క చక్రాలా, బ్యాలెన్స్ బైకా?

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు నిండాయి. పక్క చక్రాల సైకిల్ కొనాలా, పెడల్స్ లేని బ్యాలెన్స్ బైక్ కొనాలా? నాలుగేళ్లు వచ్చేదాకా పనికొచ్చేలా కాస్త పెద్దది తీసుకోవచ్చా?

జవాబు: పెద్దది మాత్రం వద్దమ్మా. మా పెద్దవాడి విషయంలో నేను చేసిన పొరపాటు అదే. కాళ్లు అందక, మునివేళ్ల మీద నిలబడి హ్యాండిల్ బిగించి పట్టుకుని ఏడ్చేవాడు. ఆరు నెలలు దాని జోలికే పోలేదు.

చిన్నదానికి బ్యాలెన్స్ బైక్ కొన్నాం. మొదటి వారమంతా సీటు మీద కూర్చోకుండా నడిపించుకుంటూ తిరిగింది. తర్వాత ఒక సాయంత్రం రెండు కాళ్లూ పైకెత్తి నాలుగు గజాలు జారిపోయింది! పక్క చక్రాలుంటే ఈ బ్యాలెన్స్ అలవాటు కాదు. అవి తీసిన రోజు కథ మళ్లీ మొదటికొస్తుంది.

కొనేముందు పాపకు బూట్లు వేసి, గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య పైకంటా ఒక పుస్తకం పెట్టి నేల నుంచి దాని పై అంచు దాకా కొలవండి. సీటు అంతకంటే 2, 3 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. బరువూ చూడండి. 12 కిలోల పాపకు 3 కిలోల బండి హాయి, 5 కిలోలదైతే పడ్డప్పుడు లేపుకోలేదు. బ్రేకుల గురించి టెన్షన్ వద్దు, ఈ వయసులో కాళ్లే బ్రేకులు. హెల్మెట్ మాత్రం మొదటి రోజు నుంచే పెట్టండి.