30 శాతం దగ్గరే ఆగిపోతున్న ల్యాప్‌టాప్‌కి

తమ్ముడూ, రాజాంలో కరెంటు పోయిన ప్రతిసారీ 30 శాతం చూపిస్తూనే ల్యాప్‌టాప్ టక్కున ఆగిపోతోందన్నావు. ముందు టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి చూడు. అది పైకి లేచినట్టుంటే బ్యాటరీ ఉబ్బింది, ఇక చార్జింగ్ పెట్టకు, వెంటనే మార్పించు.

ఉబ్బు లేకపోతే ల్యాప్‌టాప్ చూపించే శాతం లెక్క తప్పిందేమో. 100 దాకా ఎక్కించి, రెండు గంటలు ప్లగ్‌లోనే ఉంచు. తర్వాత ఫైళ్లు సేవ్ చేసుకుని, దానంతట అదే ఆగేదాకా వాడు. మధ్యలో తీయకుండా మళ్లీ 100 చెయ్యి. రెండు మూడు నెలలకోసారి చాలు. రోజూ సున్నాకి దించితే లిథియం సెల్స్ త్వరగా అరిగిపోతాయి.

అయినా మారకపోతే విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసి, డిజైన్ కెపాసిటీతో (కొత్తలో పట్టే చార్జ్) ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పడుతున్న చార్జ్) పోల్చు. నాది సగానికి పడిపోయింది, శ్రీకాకుళంలో కొత్తది వేయించాను. పరుపు మీద పెట్టి మాత్రం వాడకు, వేడే దానికి పెద్ద శత్రువు.