ల్యాప్‌టాప్ రోజూ క్రాష్ అవుతోంది, ఎస్‌ఎస్‌డీ పోయిందంటున్నారు. నేనే మార్చుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: నాలుగేళ్ల ల్యాప్‌టాప్, రోజుకు రెండు మూడుసార్లు నీలం తెర వచ్చి రీస్టార్ట్ అవుతోంది, షాపులో ఎస్‌ఎస్‌డీ (విండోస్, ఫైళ్లు అన్నీ ఉండే డిస్కు) మార్చాలన్నారు. సొంతంగా మార్చుకోవచ్చా, మారిస్తే క్రాష్ ఆగుతుందా?

మార్చుకోవచ్చు. పది స్క్రూలు విప్పడం వస్తే పావుగంట పని. ఆగుతుందా అంటే, పోయింది నిజంగా ఎస్‌ఎస్‌డీయే అయితే ఆగుతుంది. అది ఎట్లా తెలుస్తుందో నాకు ఒక శనివారం రాత్రి తెలిసింది. అదే చెప్తాను.

నాది హన్మకొండలో డీటీపీ సెంటర్, కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్డు దగ్గర. ఇరవై రెండేళ్లుగా థీసిస్ టైపింగు, ప్రూఫులు, బైండింగు. సెంటర్‌లో ఒక డెస్క్‌టాప్, పక్కన 2021లో కొన్న నా ల్యాప్‌టాప్. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ప్లగ్గు కదిలితే చాలు టక్కున ఆరిపోయేది. కొత్త బ్యాటరీకి రెండున్నర వేలు ఎందుకులే అని రెండేళ్లు అట్లాగే నెట్టుకొచ్చాను. కరెంటు పోయినప్పుడల్లా ఎస్‌ఎస్‌డీ ఏదో రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయేది. తర్వాత చూస్తే అందులో 'అన్‌సేఫ్ షట్‌డౌన్స్' అనే లెక్క ఆరు వందలు దాటి ఉంది. దాన్ని చంపింది అదేనని నా గట్టి నమ్మకం. కాదని ఒక కంప్యూటర్ ఇంజినీరు నాతో వాదించాడు కానీ, ఆయన ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

2024 మే నెల. ఒగ్గు కథ మీద పీహెచ్‌డీ చేస్తున్న ఒక చెల్లె థీసిస్ నా దగ్గర టైపింగులో ఉంది. ఐనవోలు, కొమురవెల్లి తిరిగి, ఒగ్గు పూజారుల ముందు కూర్చుని రికార్డు చేసుకొచ్చిన కథలు. ఫోన్‌లో జాగా చాలక ఆడియో మొత్తం నా ల్యాప్‌టాప్‌లో వేయించి, ఫోన్‌లో తుడిచేసింది. "పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ వేసిస్త చెల్లె" అని నేను నాలుగు వారాలుగా అంటూనే ఉన్నాను. ఇక్కడ మీరు నన్ను ఎంతైనా తిట్టొచ్చు.

సోమవారం సబ్మిషన్ అనగా గురువారం మొదలైంది. మౌస్ బాణం కదులుతుంది కానీ ఏ ఫైలూ తెరుచుకోదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో సేవ్ కొడితే కిటికీ తెల్లబడి అట్లాగే ఉంటుంది. రెండు నిమిషాలకు నీలం తెర. దాని మీద ఒక శాతం లెక్క ఉంటుంది చూడండి, అది 0 దగ్గరే నిలబడిపోయింది. చాలామంది దాన్ని పట్టించుకోరు. పడిపోయే ముందు విండోస్ తన మెమరీలో ఉన్నదాన్ని డిస్కు మీద రాసిపెట్టుకుంటుంది, ఆ శాతం దాని లెక్కే. రాసుకుందామంటే డిస్కే కనబడకపోతే అంకె ఎట్లా కదులుతుంది? తర్వాత రీస్టార్ట్ అయి 'నో బూటబుల్ డివైస్' అంది, అంటే విండోస్ ఉన్న డిస్కే దొరకలేదని. పూర్తిగా ఆఫ్ చేసి, కింద చాయ్ తాగి వచ్చి ఆన్ చేస్తే, ఏమీ ఎరగనట్టు లేచింది. అట్లా మూడుసార్లు అయ్యేసరికి నాకు అనుమానం తీరిపోయింది.

అయినా చౌరస్తాలో ఒక రిపేరు షాపుకు తీసుకుపోయాను. కింది మూత కూడా తీయలేదు. "మదర్‌బోర్డు పోయిందన్నా, ఎనిమిది వేలైతది" అన్నాడు. మీ షాపువాళ్లు ఎస్‌ఎస్‌డీ అన్నారు, నయం. మా దగ్గర ల్యాప్‌టాపులకు రెండే రోగాలు: డబ్బున్నోడికి మదర్‌బోర్డు, లేనోడికి ఫార్మాట్. లోపల ఏముందని అడగకుండా ఫార్మాట్ కొట్టి, పైగా దానికి అయిదు వందలు తీసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చి డిస్కు ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి చూశాను. నీలం డబ్బాలో 'గుడ్, 91 శాతం' అని చూపించింది. చచ్చేవాడికి డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చినట్టు. ఆ శాతం ఎస్‌ఎస్‌డీలో ఎంత రాశాం, చిప్పులు ఎంత అరిగాయి అన్నదాని అంచనా మాత్రమే. వాటిని నడిపించే కంట్రోలర్ తిక్కతిక్కగా ఉంటే అందులో తెలియదు. పాత హార్డ్ డిస్కయితే పోయే ముందు టిక్ టిక్ అని చెప్పేది. ఇది చప్పుడు చేయదు. అందుకే 'గుడ్' అంటే నమ్మకండి, 'కాషన్' అంటే మాత్రం ఆ నిమిషమే నమ్మండి.

నమ్మాల్సింది ఈవెంట్ వ్యూయర్‌ని, అంటే ఎప్పుడు ఏం జరిగిందో విండోస్ రాసుకునే చిట్టాని. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. క్రాష్ అయిన టైముకు అటూ ఇటూ 'డిస్క్' పేరుతో 7 గానీ 153 గానీ, 'స్టోర్‌ఎన్‌వీఎమ్‌ఈ' (ఎస్‌ఎస్‌డీని నడిపే డ్రైవర్) పేరుతో 11 గానీ 129 గానీ నంబర్లు వరసగా కనబడితే, వేలు ఎస్‌ఎస్‌డీ వైపే చూపిస్తోందన్నమాట. 'కెర్నల్ పవర్ 41' ఒక్కటే ఉంటే దానికి అర్థం ఏమీ లేదు, మిషన్ సరిగ్గా ఆఫ్ కాలేదని మాత్రమే. నా దాంట్లో 129లు బారులు తీరి ఉన్నాయి.

శనివారం సాయంత్రం పదకొండు వందలు పెట్టి ఒక ఎన్‌క్లోజర్ కొన్నాను. ఎస్‌ఎస్‌డీని అందులో పెడితే పెన్‌డ్రైవ్‌లా యూఎస్‌బీకి తగిలించుకోవచ్చు. పోయే ఎస్‌ఎస్‌డీని క్లోన్ చేయడానికి దిగకండి. విండోస్‌తో సహా మొత్తం లాగబోతే అది మధ్యలోనే ప్రాణం విడవొచ్చు. ముందు మనకు కావలసిన ఫైళ్లు, అవి కూడా మళ్లీ దొరకనివి ముందు. థీసిస్ మళ్లీ టైపు చేయొచ్చు, వేళ్లు నొప్పి పెడతాయి, అంతే. ఆడియో మళ్లీ రాదు.

డెస్క్‌టాప్‌కు తగిలించగానే 48 అంకెల కీ అడిగింది. బిట్‌లాకర్, డిస్కుకు విండోస్ వేసే తాళం. నేను ఎప్పుడూ పెట్టలేదు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైనిన్ అయితే చాలా ల్యాప్‌టాపుల్లో దానంతట అదే మొదలవుతుంది. కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. అసలు దెబ్బ అక్కడ తగిలింది. ల్యాప్‌టాప్ కొన్నరోజు షాపు పిల్లగాడు "సెట్టింగ్ నేను చేసిస్త సార్" అని తన మెయిల్‌తోనే అకౌంట్ తెరిచి, నాకు నాలుగంకెల పిన్ చెప్పి పంపించాడు. మూడేళ్లు ఆ పిన్‌తోనే బతికాను.

ఆ షాపు మూతబడింది. పిల్లగాడి నంబరు కోసం ముగ్గురికి ఫోన్ చేస్తే, కాజీపేటలో చికెన్ సెంటర్ పెట్టుకున్నాడని తెలిసింది. రాత్రి తొమ్మిదిన్నరకు దొరికాడు. పాస్‌వర్డ్ మర్చిపోయాడు. ఓటీపీ తెప్పించుకుని, లోపలికి పోయి, షట్టర్ దించే చప్పుళ్ల మధ్య ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు చదివాడు. నాలుగో గుంపులో '6' అంటే '9' అని విని, మొత్తం మళ్లీ కొట్టాను. "తమ్మీ, నీకు రుణపడి ఉంట" అంటే, "ఆదివారం వచ్చి రెండు కిలోలు తీస్కపో సార్" అన్నాడు. తీసుకున్నాను కూడా. మీరు మాత్రం విండోస్ ఇంకా లేస్తున్నప్పుడే మీ అకౌంట్‌లోకి పోయి ఆ కీ కాగితం మీద రాసుకోండి. అకౌంట్ అసలు ఎవరి మెయిల్ మీద ఉందో చూసుకోండి.

డ్రైవ్ తెరుచుకుంది. ఏడెనిమిది నిమిషాలు కాపీ అయింది, మాయమైంది. ఎన్‌క్లోజర్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. పీకి, చల్లారనిచ్చి, మళ్లీ పెడితే మళ్లీ ఏడెనిమిది నిమిషాలు. వరంగల్ మే నెల సంగతి తెలిసిందే కదా, రాత్రి పదకొండైనా గోడలు సెగలు కక్కుతుంటాయి. ఇంట్లోంచి కూలర్ తెచ్చి, నీళ్ల మోటరు ఆపేసి, ఉత్త గాలి ఎన్‌క్లోజర్ మీదికి తిప్పాను. అప్పుడు ఇరవై నిమిషాల దాకా ఆగింది. పాడైన ఎస్‌ఎస్‌డీ వేడికి ఇంకా తొందరగా పడిపోతుందని అప్పటి నుంచి అందరికీ చెప్తున్నాను.

ఆ చెల్లె వాళ్ల తమ్ముణ్ని తోలుకొని వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆమెకు నేను విషయం చెప్పిన తీరు బాగాలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఫోల్డర్ మొత్తం ఒకేసారి లాగకుండా, అయిదారు ఫైళ్ల చొప్పున లాగుతున్నాను.

"బీరప్ప వచ్చిండా అన్నా?"

"వచ్చిండు. మల్లన్న నడుస్తున్నడు."

"ఎల్లమ్మ?"

ఎల్లమ్మ కథలో ఏడో ఫైలు రాలేదు. 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అని ఎర్రర్, అంటే అక్కడి డేటా సరిగ్గా చదవలేకపోతున్నానని. అరడజను సార్లు ప్రయత్నించాను, ప్రతిసారీ అక్కడే డ్రైవ్ పడిపోయింది. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆ ఒక్కటి వదిలేసి మిగతావన్నీ తీశాం. ఆమె గైడుగారిని బతిమాలి వారం గడువు తెచ్చుకుని, ఆ పూజారి దగ్గరికే పోయి మళ్లీ పాడించుకొచ్చింది. ఈసారి ఆయన అదే ఘట్టాన్ని ఇంకోలా పాడాడట. థీసిస్‌లో దాని మీద ఒకటిన్నర పేజీ పెరిగింది, టైపింగ్ డబ్బులు నేను అడగలేదు.

ఇక మార్చడం. కొనే ముందు మూత తీసి పాతదాన్ని చూడండి. బబుల్‌గమ్ ముక్కలా సన్నగా ఉంటే ఎమ్.2. ఎక్కువగా 2280 ఉంటుంది, అంటే వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు. కొన్నిట్లో పొట్టి 2242 ఉంటుంది. అందులో మళ్లీ ఎన్‌వీఎమ్‌ఈ వేరు, సాటా వేరు (ల్యాప్‌టాప్‌తో డేటా మార్చుకునే రెండు పద్ధతులు), చూడటానికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. పాతదాని లేబుల్ ఫొటో తీసుకుని షాపులో చూపించండి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు, కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. మూత క్లిప్పులకు పాత ఏటీఎం కార్డు చాలు. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకండి. ఎస్‌ఎస్‌డీని కొంచెం ఏటవాలుగా దూర్చితే వెనక కొస పైకి లేచి ఉంటుంది, దాన్ని నొక్కిపట్టి చిన్న స్క్రూ బిగించడమే. ఆ స్క్రూ జారి బోర్డు కిందికి పోతే మీ ఆదివారం దాన్ని వెతకడానికే సరిపోతుంది.

నేను బిగించి విండోస్ పెన్‌డ్రైవ్ పెడితే, డ్రైవ్‌లే లేవంది. కొత్తది కూడా చెడ్డదే ఇచ్చారని షాపుకు పోయి గొడవపడ్డాను. అక్కడి పిల్ల నవ్వి, "పదకొండో జనరేషన్ ఇంటెలా సార్?" అంది. ఆ తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో వీఎమ్‌డీ అనే మధ్యవర్తి ఉంటుంది, దాని డ్రైవర్ ఇవ్వకపోతే విండోస్ ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ కనబడదు. తయారీ కంపెనీ సైటు నుంచి డ్రైవర్ దించి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో వేసి, 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపిస్తే కనబడుతుంది. వరంగల్ మొత్తంలో నాకు ఉచితంగా సలహా ఇచ్చిన రిపేరు షాపు అదొక్కటే. విండోస్ లైసెన్సు కోసం టెన్షన్ పడకండి, ల్యాప్‌టాప్‌తో వచ్చింది మదర్‌బోర్డుకు కట్టి ఉంటుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. నాకు ఎక్కువ టైము పట్టింది పేజ్‌మేకర్, అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు, అవి లేనిచోట ఫైలు చదవరాదు) మళ్లీ ఎక్కించడానికి. యూనికోడ్ వచ్చి ఇన్నేళ్లయినా మా తెలుగు థీసిస్‌లు ఇంకా అనులోనే కావాలంటారు. అదే ఫైలు ఫోన్‌లో తెరిచి, పిచ్చి గీతలు కనబడగానే "కరాబైంది" అని అర్ధరాత్రి నాకు ఫోన్ చేస్తారు.

తొందరపడి డబ్బు పెట్టకండి అనడానికి ఇంకో ముక్క. కరీంనగర్‌లో మా బామ్మర్ది ల్యాప్‌టాప్‌కు ఏడాదిలో రెండు ఎస్‌ఎస్‌డీలు మార్పించారు, క్రాష్ ఆగలేదు. దాని నీలం తెర మీద ప్రతిసారీ వేరే వేరే పేరు వచ్చేది, శాతం మాత్రం చక్కగా 100 దాకా పోయేది. ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లను పిల్లల రబ్బరుతో తుడిచి, గట్టిగా నొక్కి పెట్టాను. ఆ తర్వాత రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపితే ఒక్క ఎర్రర్ రాలేదు. ఇప్పటికీ నడుస్తోంది. మీరు కూడా మూత తీసినప్పుడు ఎస్‌ఎస్‌డీని, ర్యామ్‌ను ఒకసారి ఊడదీసి మళ్లీ పెట్టి రెండు రోజులు చూడండి. అది కూడా ఫైళ్లు బయటికి తీసుకున్నాకే.

మీ మోడల్ ఏంటో రాయండి. ఈసారి నీలం తెర వచ్చినప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, అడుగున ఉన్న పేరుతో పాటు శాతం ఎక్కడ ఆగిందో కూడా కనబడేటట్టు.