హాస్టల్లో మొదటి రంజాన్: మా మేనల్లుడికి

బేటా, ఈసారి అమీర్‌పేట హాస్టల్లోనే ఉండి రోజాలు (ఉపవాసాలు) ఉంటావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమె టెన్షన్ అంతా తెల్లవారకముందు తినే సహరీ గురించే, నాదీ అదే.

ఇంట్లో అయితే అమ్మ లేపి, పక్కన కూర్చుని తినిపించేది. రాత్రి పన్నెండింటికి బిర్యానీ తిని పడుకుంటే చాలని నీ వయసులో నేనూ అనుకున్నాను, నాలుగో రోజాకే సిటీ బస్సులో కళ్ళు తిరిగి పడిపోయాను. అందుకే గట్టిగా చెబుతున్నా, సహరీ మానకు. సహరీలో బర్కత్ (శుభం) ఉందని మన ప్రవక్త చెప్పారు. ఎప్పుడైనా మెలకువ రాకపోతే ఆ రోజా చెల్లుతుంది, దాని గురించి బాధపడకు, కానీ అలవాటు చేసుకోకు.

మన ఇళ్ళలో లాగా ఖిచిడీ, ఖీమా, ఖట్టా (పులుసు) హాస్టల్లో దొరకవు. మెస్ వాళ్ళతో ముందే మాట్లాడి రాత్రే కాస్త అన్నం, పెరుగు తీసిపెట్టించుకో, రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు ఉంటే సరిపోతుంది. ఆవకాయ జోలికి పోకు, పగలంతా నోరు ఎండుతుంది. టీ మాత్రం ఇప్పటినుంచే తగ్గించు, రోజుకు ఐదారు కప్పులు తాగే నువ్వు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి మూడు రోజులూ తలనొప్పితోనే పోతాయి.

సాయంత్రం రోజా విడిచే ఇఫ్తార్‌కి దగ్గర్లోని మసీదుకి వెళ్ళు. సిగ్గుపడకు, భోజనానికి పరిచే దస్తర్‌ఖాన్ దగ్గర ఎవరైనా కూర్చోవచ్చు, వీలైన రోజు ఒక డబ్బా ఖర్జూరం నువ్వూ పట్టుకెళ్ళు. మన హలీంకి 2010లోనే జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, నాకూ అదంటే ప్రాణం, అయినా 13, 14 గంటలు ఖాళీగా ఉన్న కడుపులో మొదట పడాల్సింది అది కాదు. ఖర్జూరం, నీళ్ళు, పండ్లు, నమాజ్, ఆ తర్వాతే హలీం. సహరీ దాకా కొంచెం కొంచెంగా నీళ్ళు తాగుతూ ఉండు.

రాత్రి చేసే తరావీహ్ నమాజ్‌కి రోజుకు సవా పారా (ఖురాన్ ముప్పై భాగాల్లో ఒకటింపావు) చదివే మసీదు చూసుకో. మూడు రోజుల్లో ఖురాన్ పూర్తిచేసే చోటికి స్నేహితులు లాగుతారు, పొద్దున ఆఫీసు ఉన్నవాడికి అది బరువవుతుంది. ఓపిక చివరి పది రాత్రులకి దాచుకో, షబె ఖద్ర్ (ఖురాన్ దిగిన పవిత్ర రాత్రి) వెతుక్కోవాల్సింది వాటిలోని బేసి రాత్రుల్లోనే. మీ టీమ్ లీడర్‌తో ఇప్పుడే మాట్లాడు, సాయంత్రం గంట ముందు వెళ్ళి ఆ పని రాత్రి చేస్తానని చెప్పు. అడగకుండా వాళ్ళంతట వాళ్ళే ఇవ్వరు.

జ్వరమో వాంతులో వస్తే రోజా వదిలెయ్, మొండికెయ్యకు. రోగికీ ప్రయాణంలో ఉన్నవాడికీ తర్వాత ఖజా (బదులు రోజా) ఉండమని ఖురాన్‌లోనే ఉంది. ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి, మీ అమ్మకి నేను చెబుతాను.

ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు కాబట్టి జకాత్ (ఏడాది నిలిచిన సొమ్ముపై ఇచ్చే దానం) లెక్క నాతో కూర్చుని చూసుకుందాం. ఫిత్రా (పండక్కి పేదలకిచ్చే దానం) మాత్రం ఈద్ నమాజ్ లోపే ఇచ్చెయ్యాలి. మొదటి ఆదివారం ఇఫ్తార్‌కి మల్లేపల్లి వచ్చెయ్, మీ మామీ దహీబడే (పెరుగు వడలు) చేస్తానంది. ట్రాఫిక్ ఉంటుంది, ఐదింటికే బయలుదేరు.