అలర్జీ ప్రిక్ టెస్టులు చెయ్యబోతున్న మా అమ్మాయికి

లావణ్యా,

నిన్ను అలర్జీ క్లినిక్‌లో వేశారని, సోమవారం నుంచి స్కిన్ ప్రిక్ టెస్టులు నువ్వే చెయ్యాలని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావ్, అందుకే టైప్ చేస్తున్నా, ఖాళీ ఉన్నప్పుడు నిదానంగా చదువుకో.

వార్డులో ఇంజెక్షన్ ముందు టెస్ట్ డోస్ వేసిన అలవాటు నీకుంది కదా, చర్మంలోకి ఎక్కించి చిన్న బుడగ లేపేది. ఇది అది కాదమ్మా. ఇక్కడ అలర్జీ తెప్పించే పదార్థం కలిపిన ద్రావణం, అదే ఎక్స్‌ట్రాక్ట్, చర్మం మీద చుక్క వేసి, ఆ చుక్కలోంచి లాన్సెట్ అనే చిన్న సూదితో పైపొరని మాత్రమే గుచ్చాలి, పడనిదైతే అక్కడ దద్దురు లేస్తుంది. దాని మొన 1 మిల్లీమీటరే ఉంటుంది, నిటారుగా పెట్టి నొక్కి ఒక్క సెకను ఆగి తీసెయ్యటమే. రక్తం కనపడిందంటే లోతుకెళ్లిందన్నట్టు. ఒక్కో చుక్కకి ఒక్కో కొత్త లాన్సెట్, తుడిచి మళ్లీ వాడటాలు వద్దు. చెయ్యి కుదరటానికి కొన్ని రోజులు పడుతుంది, దాని గురించి నాకు బెంగ లేదు. టెస్టుకి ముందు అడగాల్సినవి అడగకపోవటం, అయ్యాక దద్దుర్లు చూసి తొందరపడి ఏదో ఒకటి చెప్పెయ్యటం, పేషెంటుకి నష్టం జరిగేది ఈ రెండు చోట్లే.

"మందులేమన్నా వాడుతున్నారా" అని అడిగితే "ఏం లేవండి" అనేస్తారు. అట్లా కాకుండా పేర్లు పెట్టి అడుగు, ఉన్న చీటీలు, స్ట్రిప్పులు అన్నీ తెమ్మను. అలర్జీ మందు మానేసి రమ్మంటే సిట్రిజిన్ మానేస్తారు గానీ మాంటెక్ ఎల్‌సీ వేసుకునే వస్తారు, అది ఆయాసం బిళ్ల కదండీ అంటారు. అందులో మాంటెలుకాస్ట్‌తో పర్లేదు, కలిసున్న లీవోసిట్రిజిన్‌తోనే ఇబ్బంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు బిళ్లలు, కొన్ని దగ్గు సిరప్‌లు, అవిల్, బస్సెక్కేముందు వాంతులు రాకుండా వేసుకునే ప్రోమెథజైన్, ఇవన్నీ యాంటీహిస్టమిన్లే, అంటే దద్దురుని అణిచే మందులే, ఏది వేసుకున్నా దద్దురు లేవదు, నువ్వేమో అలర్జీ లేదని రాస్తావ్. చాలావాటికి వారం రోజులు ఆపితే సరిపోతుంది, కొన్నిటికి ఇంకాస్త ఎక్కువ, మీ డాక్టరుగారు ఎన్ని రోజులంటే అన్ని. కొంతమంది పెద్దవాళ్లు నరాల నొప్పికో నిద్రకో అమిట్రిప్టిలిన్ వాడతారు, అది కూడా దద్దురుని అణిచేస్తుంది, కానీ అది ఆపమని నువ్వు చెప్పకు, రాసిన డాక్టరే చెప్పాలి. ఇన్‌హేలర్ మాత్రం ఎవ్వర్నీ ఆపనివ్వకు, దానితో టెస్టుకి ఏ అడ్డమూ లేదు, ఆపితే మనిషికే ప్రమాదం.

ఇంకో సంగతి, ఆరోజు పేషెంట్ పిల్లికూతలతో, ఆయాసంతో వస్తే ఎంత దూరం నుంచి వచ్చినా సరే డాక్టరుగారికి చూపించకుండా టెస్ట్ మొదలుపెట్టకు. గర్భిణీలకి మామూలుగా వాయిదా వేస్తారు. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడుతుంటే కూడా ముందే చెప్పు, పెద్ద రియాక్షన్ వస్తే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ వాళ్లలో సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. ప్రిక్ టెస్టుతో పెద్ద రియాక్షన్లు చాలా అరుదు, కానీ అడ్రినలిన్, సిరంజి నీ టేబుల్ మీదే ఉండాలి, బీరువాలో తాళం వేసి కాదు. కిలోకి 0.01 మిల్లీగ్రాము, పెద్దవాళ్లకైనా 0.5 మిల్లీగ్రాము దాటకూడదు, తొడ బయటి వైపు కండలోకి. రోజూ పొద్దున్నే దాని ఎక్స్‌పైరీ చూడు. అన్నీ అయ్యాక కూడా పేషెంట్‌ని కనీసం అరగంట కూర్చోబెట్టు.

చుక్కలు ముంజేతి లోపలి వైపు వెయ్యాలి, మణికట్టుకి, మోచేతి మడతకి మరీ దగ్గరగా వద్దు, చుక్కకీ చుక్కకీ 2 సెంటీమీటర్ల ఎడం, పెన్నుతో నంబర్లు ముందే రాసుకో. తామర, స్టెరాయిడ్ క్రీమ్ రాసిన చోటు వదిలెయ్. ఎవరికైనా దద్దురు లేపే హిస్టమిన్ చుక్క, ఏమీ లేపకూడని ఉత్తి సెలైన్ (ఉప్పునీరు) చుక్క, పోల్చి చూసుకునే ఈ రెండు కంట్రోళ్లూ లేకుండా టెస్టే లేదు. హిస్టమిన్ దగ్గర కూడా దద్దురు రాలేదంటే లోపల ఏదో మందు ఉందని, ఆరోజు రిజల్ట్ చెల్లదు. సెలైన్ దగ్గర కూడా ఉబ్బిందంటే గీరితేనే దద్దుర్లు లేచే చర్మం అయ్యుండొచ్చు. 15 నిమిషాలకి చూడాలి. కొలవాల్సింది ఉబ్బుని, చుట్టూ ఎరుపుని కాదు. మనవాళ్ల చామనఛాయలో, నలుపులో ఎరుపు సరిగ్గా కనపడదు కాబట్టి పక్కనుంచి టార్చి వేసి, వేలితో మెల్లగా తడిమి అంచు పట్టుకో. సెలైన్ కంటే 3 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ ఉంటే పాజిటివ్. రిపోర్టులో ప్లస్సులు వెయ్యకు, మిల్లీమీటర్లు రాయి, రెండు కంట్రోళ్ల కొలతలు కూడా రాయి, రేపు ఇంకో డాక్టర్ చూసినా అర్థమవ్వాలి.

ఇప్పుడు అసలైంది. దద్దురు వచ్చిందంటే ఒంట్లో దానికి యాంటీబాడీ తయారై ఉందని మాత్రమే అర్థం, దాని వల్లే జబ్బు అని కాదు. రొయ్యలకి పాజిటివ్ వచ్చిన మనిషి వారం వారం రొయ్యల ఇగురు హాయిగా తింటూ ఉంటాడు, ఎందుకంటే రొయ్యలోనూ డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగు) లోనూ బొద్దింకలోనూ దాదాపు ఒకేలాంటి ప్రోటీన్ ఉంది, దుమ్ము అలర్జీ ఉన్నోళ్లకి అది కూడా లేస్తుంది. ఆయన్ని రొయ్యలు మానెయ్యమంటే ఏం న్యాయం? తినగానే ఎన్ని నిమిషాలకి, ఏమైంది, ప్రతిసారీ అవుతుందా, అది అడిగి రాసుకో. ఒకేసారి బోలెడు తిండ్లకి టెస్టులు (ప్యానెళ్లు) చేసి పాలు, గుడ్డు, గోధుమ, పప్పు, వంకాయ అన్నీ మానెయ్యమని లిస్టు ఇస్తే ఎదిగే పిల్లలు ఎండిపోతారమ్మా, అట్లాంటి పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది. రక్తంలో ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ చూసి వంద తిండ్లకి అలర్జీ అని ఇచ్చే రిపోర్టు ఎవరైనా తెస్తే, దాన్ని బట్టి పిల్లల తిండి మాన్పించొద్దని, డాక్టరుగారితో మాట్లాడాకే ఏదైనా అని గట్టిగా చెప్పు.

గాలిలో వచ్చేవి కూడా కథతో కలవాలి. పక్క దులిపితే తుమ్ములు, డస్ట్ మైట్ పాజిటివ్, సరిపోయింది. ఊరి బయటకెళ్తే ముక్కు కారుతుందంటే వయ్యారిభామ, సర్కారు తుమ్మ, గరిక పుప్పొళ్లు చూడు. అదే వయ్యారిభామ పీకిన రైతు మెడ, చేతులు నల్లబడి పొట్టు రాలుతుంటే అది వేరే రకం అలర్జీ, దానికి ప్యాచ్ టెస్ట్ (గుచ్చకుండా చర్మానికి అంటించి చూసేది) కావాలి, ప్రిక్ టెస్ట్ నెగెటివ్ వచ్చిందని ఏం లేదులే అని పంపించకు. జుట్టు రంగు పడనివాళ్లకీ అంతే.

చిన్నపిల్లలకి టెస్ట్ వీపు మీద చెయ్యి, తల్లి ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుంటే కనపడదు కాబట్టి ఏడుపు తక్కువ. సూది కాదని అబద్ధం చెప్పకు, చీమ కుట్టినట్టుంటుంది, తర్వాత దురద పెడుతుంది, గోకకూడదు అని చెప్పు, వింటారు. కొలతలు అయిపోయాకే దురదకి బిళ్ల. సాయంత్రానికి ఆ చోట కాస్త వాపు రావచ్చు, రెండ్రోజుల్లో పోతుందని ముందే చెప్పి పంపిస్తే రాత్రి నీకు ఫోన్లు రావు. ఎక్స్‌ట్రాక్ట్ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, పని అవ్వగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్, టేబుల్ మీద వదిలేసి భోజనానికి వెళ్లకు.

సోమవారం డ్యూటీ దిగాక ఫోన్ చెయ్యి, హిస్టమిన్ ఎంత లేచిందో చెప్పు.

మీ పెద్దమ్మ